చిల్లు లేని కుండ ఎందుకు ఖాళీ అయింది?



రామంతాపూర్ నుంచి తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఈ నెల నాకు ఇల్లా రాసింది:

"మాస్టారూ, మా అన్నయ్య కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తాడు. వరసగా మూడు రాత్రులు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. ఏమిరా అని అమ్మ అడిగితే, 'సర్వరులో మెమరీ లీకవుతున్నదమ్మా, ఎక్కడో వెతుకుతున్నాం' అన్నాడు. 'ఆపి మళ్ళీ తెరిస్తే బాగవుతుంది కద, దీనికి మూడు రాత్రులెందుకు?' అన్నారు నాన్న. 'తెరిస్తే నడుస్తుంది నాన్నా. కాని అది బాగవటం కాదు' అన్నాడు అన్నయ్య. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కారిపోవటానికి మెమరీ ఏమన్నా నీళ్ళా? నడిచేదాన్ని బాగు కాలేదంటాడేమిటి?"

ఉత్తరం చిన్నదే గాని, ఇందులో రెండు మంచి ప్రశ్నలున్నాయి. నీరు కాని వస్తువు ఎల్లా కారుతుంది? ఆపి తెరిస్తే నడిచే యంత్రంలో ఇంకా వెతకవలసింది ఏముంది? ఈ నెల ఈ రెండింటి సంగతీ చూద్దాం. రెండో ప్రశ్నకు జవాబుకోసం మనం లండన్ దాకా వెళ్ళవలసి ఉంటుంది.

వడ్డించే యంత్రం

హోటల్లో మనం అడిగింది తెచ్చి వడ్డించేవాణ్ణి సర్వరు అంటాం. కంప్యూటర్లలో సర్వరు కూడా అటువంటిదే. పదో తరగతి ఫలితాలు వెలువడ్డ రోజున రామంతాపూర్లో ఒకరూ, తార్నాకలో ఒకరూ, ఆదిలాబాదులో ఒకరూ తమ తమ ఫోనుల్లో హాల్ టికెట్ నంబరు కొడతారు. ఆ నంబర్లన్నీ ఎక్కడో ఉన్న ఒక కంప్యూటరుకు చేరతాయి. అది ఒక్కొక్కరి మార్కులూ వెతికి, ఎవరివి వాళ్ళకు పంపుతుంది. అదే సర్వరు. దానికి సెలవులు లేవు. రాత్రీ పగలూ అడిగినవాళ్ళకు వడ్డిస్తూనే ఉంటుంది.

ఇంత పని చెయ్యటానికి దానికి కొంత చోటు కావాలి. మీరు లెక్క చేసేటప్పుడు పలక మీద అంకెలు వేసుకుంటారు. లెక్క అయిపోగానే తుడిచేస్తారు. కంప్యూటరుకు కూడా అల్లాంటి పలక ఉంది. దాని పేరే మెమరీ. శాశ్వతంగా దాచవలసినవి వేరే చోట, డిస్కులో, ఉంటాయి. డిస్కును బీరువా అనుకోండి, మెమరీని పలక అనుకోండి.

మెమరీని బైట్లలో కొలుస్తారు. ఇప్పుడు అందరూ వాడే పద్ధతిలో 'అ' అనే ఒక్క తెలుగు అక్షరం రాయటానికి 3 బైట్లు పడతాయి. 1,024 బైట్లు ఒక కిలోబైటు. అందులో మన పత్రికలో ఏడెనిమిది వరసలు పడతాయి. ఒక గిగాబైటంటే 107 కోట్ల బైట్లకు పైమాటే. మామూలు సర్వరుకు కూడా ఇల్లాంటి గిగాబైట్లు ఎన్నో ఉంటాయి. అంత పెద్ద పలక ఎల్లా నిండిపోతుంది?

టెంట్ హౌసు లెక్క

మీ పేటలో టెంట్ హౌసు ఉండే ఉంటుంది. పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ కుర్చీలూ, షామియానాలూ, వంటపాత్రలూ అద్దెకిస్తారు. ఒక టెంట్ హౌసులో 1,000 కుర్చీలున్నాయనుకుందాం. ఎవరో వచ్చి 100 కుర్చీలు అడుగుతారు. గుమాస్తా చీటీ రాసి ఇస్తాడు. మర్నాడు కుర్చీలు తిరిగి వస్తాయి. గుమాస్తా చీటీ చింపేస్తాడు. మళ్ళీ వెయ్యీ వెయ్యిగా ఉంటాయి.

సర్వరులో జరిగేది సరిగ్గా ఇదే. ఒక ప్రోగ్రాముకు పని వచ్చినప్పుడు, "నాకు ఇంత మెమరీ కావాలి" అని అడుగుతుంది. దొరికిన చోటును వాడుకుంటుంది. పని కాగానే, "ఇదుగో, నీ చోటు నువు తీసుకో" అని తిరిగి ఇచ్చెయ్యాలి. అమెరికాలో బెల్ లాబొరేటరీలో డెన్నిస్ రిచీ తయారుచేసిన సి అనే కంప్యూటరు భాష ఈనాటికీ వాడుకలో ఉంది. ఆ భాషలో మెమరీ అడగటానికి 'మాలక్' అనే మాటా, తిరిగి ఇవ్వటానికి 'ఫ్రీ' అనే మాటా ఉన్నాయి. ప్రోగ్రాము రాసేవారు ప్రతి మాలక్‌కూ ఒక ఫ్రీ ఉండేటట్టు చూసుకోవాలి.

ఇప్పుడు ఒక గుమాస్తా రోజూ 5 కుర్చీల చీటీ పారేస్తున్నాడనుకోండి. ఆ కుర్చీలు ఏమవుతాయి? ఏదో ఫంక్షన్ హాలు మూల ఒకదాని మీద ఒకటిగా పడి ఉంటాయి. వాటి మీద ఎవరూ కూర్చోరు. కొట్టుకూ తిరిగి రావు. విరగలేదు, దొంగలెత్తుకుపోలేదు. కాని లేనట్టే లెక్క. మొదటి రోజు కొట్టులో 995 ఉంటాయి. ఎవరికీ ఏ లోటూ కనిపించదు. వందో రోజున 500 ఉంటాయి. అప్పటికీ వ్యాపారం నడుస్తూనే ఉంటుంది. 200వ రోజున ఒక్క కుర్చీ కూడా మిగలదు. ఆ రోజు పెళ్ళివారు వచ్చి, "కుర్చీలేవండీ?" అంటారు.

చూశారా? మెమరీ లీకులో మెమరీ బయటికి కారిపోదు. కుండకు చిల్లు లేదు. తీసుకున్నది తిరిగి ఇవ్వకపోవటమే లీకు. అమ్మాయి మొదటి ప్రశ్నకు జవాబు ఇది.

సర్వరు విషయంలో ఈ లెక్క ఎంత చప్పున తెములుతుందో చూడండి. సర్వరులో 4 గిగాబైట్లు ఖాళీగా ఉన్నాయి. వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఒక్క కిలోబైటు మటుకు తిరిగి ఇవ్వటం లేదు. 4 గిగాబైట్లంటే 41,94,304 కిలోబైట్లు. సెకనుకు 10 ప్రశ్నల చొప్పున రోజుకు 8,64,000 ప్రశ్నలు వస్తాయి. భాగహారం చేసి చూడండి. అయిదో రోజు గడవకుండానే పలక నిండిపోతుంది.

"అయితే ఇంకా ఎక్కువ మెమరీ కొంటే సరి!" అని మీలో ఒకరు తప్పక అంటారు. ఖాళీ చోటు 12 గిగాబైట్లు చేసి చూడండి. అయిదో రోజున రావలసిన ఆపద పదిహేనో రోజున వస్తుంది. అంతే తేడా. పైగా ఒక నష్టం కూడా ఉంది. మన తార్నాక నుంచి మౌలాలి మీదుగా వెళితే ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. 1967లో ఆ సంస్థ ఏర్పడింది. దాన్ని తీర్చిదిద్దినవారు అయ్యగారి సాంబశివరావుగారు. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన టి.డి.సి.-12ను ఆ సంస్థే తయారుచేసి అమ్మింది. ఆ కాలపు కంప్యూటర్లలో మెమరీ అంటే సన్నని తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. అందులో చోటు బహు కొంచెం. అటువంటి యంత్రంలో లీకు ఉంటే వెంటనే బయటపడుతుంది. పలక పెద్దదయిన కొద్దీ లీకు రోజుల తరబడి, వారాల తరబడి దాక్కోగలదు. అంచేత పెద్ద మెమరీ జబ్బును నయం చెయ్యదు, దాచిపెడుతుంది.

ఆపి తెరిస్తే ఏమవుతుంది?

ఇప్పుడు అమ్మాయి తండ్రిగారి ప్రశ్న. కంప్యూటర్లో ఒక ప్రోగ్రామును ఆపేశామంటే, దాని పేర ఉన్న మెమరీ అంతా, తిరిగి ఇచ్చినదీ ఇవ్వనిదీ కూడా, కంప్యూటరు లాగేసుకుంటుంది. టెంట్ హౌసు యజమాని కొట్టు మూసేసి, ఊరంతా తిరిగి తన కుర్చీలన్నీ బండికెత్తించి తెచ్చుకున్నట్టన్నమాట. మర్నాడు తలుపు తీసేసరికి వెయ్యీ ఉంటాయి. అందుకే, ఆపి తెరిస్తే సర్వరు హుషారుగా పరిగెత్తుతుంది.

కాని చీటీలు పారేసే గుమాస్తా అక్కడే ఉన్నాడు కద! లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. జ్వరానికి మాత్ర వేస్తే ఒళ్ళు చల్లబడుతుంది. జ్వరం ఎందుకు వచ్చిందో కనుక్కోకపోతే మర్నాడు మళ్ళీ కాస్తుంది.

"పోనీ, వారానికోసారి ఆపి తెరుస్తూ ఉంటే సరిపోదా?" అనవచ్చు. కొన్నిచోట్ల అల్లా చేస్తారు కూడా. కాని ఆపద మనం అనుకున్న వేళకే వస్తుందని ఎవరు చెప్పగలరు? ఇక లండన్ వెళ్దాం.

లండన్‌లో ఒక రాత్రి

లండన్ నగరంలో ఎవరికన్నా ప్రాణం మీదికి వస్తే లండన్ అంబులెన్స్ సర్వీసుకు ఫోను చేస్తారు. 1992లో ఆ సర్వీసు సుమారు 68 లక్షల జనాభాకు సేవ చేసేది. రోజుకు 2,000కు పైగా ఫోనులు వచ్చేవి. ఏ ఫోను ఎక్కడి నుంచి వచ్చింది, ఏ అంబులెన్సు దగ్గరలో ఉన్నది, దేన్ని పంపాలి అన్న లెక్కంతా అప్పటిదాకా మనుషులు కాయితాల మీద రాసి చేసేవారు. ఆ పనిని కంప్యూటరుకు అప్పగించాలని తలపెట్టి, 1992 అక్టోబరు 26న కొత్త ఏర్పాటు మొదలుపెట్టారు.

మొదటి రోజునే అది చిక్కుల్లో పడింది. అంబులెన్సులు ఎక్కడెక్కడ ఉన్నదీ కంప్యూటరుకు సరిగా తెలియలేదు. ఒకే చోటికి రెండు బళ్ళు వెళ్ళటం, మరోచోట రోగులు గంటల తరబడి ఎదురుచూడటం జరిగింది. అది వేరే కథ. మర్నాడు మధ్యాహ్నానికల్లా సగం పని కంప్యూటరూ, సగం మనుషులూ చేసే పద్ధతికి మారారు. ఒక వారం గడిచింది. ఇక ఫరవాలేదనుకున్నారు.

నవంబరు 4వ తేదీ. రాత్రి రెండు గంటల వేళ. కంప్యూటరు ఏర్పాటు ఉన్నట్టుండి మందగించింది. కొద్దిసేపటికి బొత్తిగా కదలకుండా నిలిచిపోయింది. ఇల్లాంటప్పుడు ఏం చెయ్యాలో అక్కడివారికి ముందుగానే చెప్పి ఉన్నారు. ఏం చెయ్యాలి? మీరనుకున్నదే. ఆపి మళ్ళీ తెరవాలి! వాళ్ళు అల్లాగే చేశారు. లాభం లేకపోయింది. ఏమంటే, వాళ్ళు ఆపి తెరిచింది తమ బల్లల మీద ఉన్న కంప్యూటర్లను. మెమరీ నిండిపోయింది అందరికీ వడ్డించే సర్వరులో. ఆపదలో ఆదుకోవలసిన రెండో సర్వరు ఉన్నది గాని, దాన్ని పూర్తిగా పరీక్షించి సిద్ధం చెయ్యలేదు.

అక్కడి సిబ్బంది ఏం చేశారో వినండి. వచ్చిన ఫోను మాటలన్నీ టేపుల మీద రికార్డు అవుతూ ఉంటాయి. ఆ టేపులు మళ్ళీ పెట్టుకుని విన్నారు. సాయం అడిగినవాళ్ళలో ఏ ఒక్కరూ తప్పిపోలేదని రూఢి చేసుకున్నారు. తరవాత కాయితమూ కలమూ తీసుకుని పాత పద్ధతిలో పని సాగించారు.

1993 ఫిబ్రవరిలో విచారణ సంఘం నివేదిక వెలువడింది. అందులో ఆ రాత్రి సంగతి తేటతెల్లంగా ఉంది. సుమారు మూడు వారాల క్రితం ఒక ప్రోగ్రామరు ఏదో మార్పు చేస్తూ, ఉండకూడని ముక్క ఒకటి ప్రోగ్రాములో పొరపాటున వదిలేశాడు. దాని మూలంగా, అంబులెన్సును పంపినప్పుడల్లా సర్వరులో కొంచెం మెమరీ ఖర్చయ్యేది, తిరిగి వచ్చేది కాదు. ఒక బండికి కొంచెం. మరో బండికి కొంచెం. మూడు వారాలు గడిచేసరికి ఉన్నదంతా అయిపోయింది.

లీకు అర్ధరాత్రి అని చూడదు, ఎవరో ప్రాణాపాయంలో ఉన్నారని చూడదు. పలక నిండిన క్షణాన నిలిచిపోతుంది. ఆపి తెరిస్తే చాలదా అన్నదానికి ఇంతకన్న పెద్ద జవాబు అక్కర్లేదు.

మరి పని మొదలుపెట్టే ముందు పరీక్షించి చూసుకోవద్దా అంటారా? చూసుకోవాలి. కాని అరగంట పరీక్షించినవాడికి ఇది ఎల్లా దొరుకుతుంది? మన టెంట్ హౌసులో మొదటి రోజున 995 కుర్చీలున్నాయి. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు దొరికాయి. "అంతా సరిగానే ఉంది" అని రాసి ఇంటికి వెళతాడు. మామూలు పరీక్షల్లో ఈ లోపం బయటపడే అవకాశం తక్కువేనని విచారణ సంఘం కూడా అన్నది. అందుకే లీకును పట్టటానికి వేరే పద్ధతి కావాలి. ఆ అన్నయ్య మూడు రాత్రులూ చేసిన పని అటువంటిదే అయి ఉంటుంది.

దొంగను పట్టే పద్ధతి

మొదటి మెట్టు: అసలు లీకు ఉన్నదా అని చూడాలి. మెమరీ నిండుగా కనిపించినంత మాత్రాన లీకు అనకూడదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం లైబ్రరీలో పరీక్షల ముందు అందరూ అడిగే పుస్తకాలను ఎదుటి బల్ల మీదే పెట్టుకున్నారనుకోండి. బల్ల నిండుగా ఉంటుంది. కాని అది లోపం కాదు, తెలివి. మాటిమాటికీ బీరువా దాకా పోనక్కర్లేదు. సర్వర్లు కూడా ఇల్లా మాటిమాటికీ కావలసినవి కొన్ని దగ్గర పెట్టుకుంటాయి. అయితే ఆ బల్ల ఒక మేర నిండి ఆగుతుంది. లీకు ఆగదు.

ఈ తేడా ఎప్పుడు చూస్తే తెలుస్తుంది? పెళ్ళిళ్ళ వేళ కుర్చీలు లెక్కపెడితే తెలియదు, అన్నీ బయటే ఉంటాయి. పెళ్ళిళ్ళన్నీ అయిపోయాక, రాత్రి కొట్టు సద్దుమణిగిన వేళ లెక్కపెట్టాలి. సర్వరులో కూడా పని తక్కువగా ఉండే వేళ, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో, ఎంత మెమరీ వాడుకలో ఉన్నదో రోజూ రాసుకుని గ్రాఫు కాయితం మీద చుక్కలు పెట్టాలి. చుక్కలు ఒకే మట్టంలో ఉంటే ఫరవాలేదు. మేడమెట్లలాగా రోజురోజుకూ పైకి పోతుంటే లీకు ఉన్నట్టే.

రెండో మెట్టు: ఎప్పటి నుంచి? గ్రాఫులో మెట్లు ఏ రోజున మొదలయ్యాయో చూసి, ఆ రోజున ప్రోగ్రాములో ఏ మార్పు జరిగిందో కనుక్కోవాలి. లండన్‌లో కూల్చింది మూడు వారాల కిందటి మార్పు అని గుర్తుందిగా? ఈ పని కుదరాలంటే, ఏ రోజు ఎవరు ఏం మార్చారో రాసి పెట్టుకునే అలవాటు ఉండాలి. స్టాకు రిజిస్టరు సరిగా రాయని చోట ఏది ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు.

మూడో మెట్టు: ఏ పని మూలంగా? సర్వరు 64 రకాల పనులు చేస్తుందనుకుందాం. ఒక్కొక్కటే విడిగా నడిపి చూస్తే 64 సార్లు చూడాలి. అల్లా కాకుండా సగం చెయ్యండి. 32 పనులు ఒక సర్వరుకూ, 32 పనులు మరో సర్వరుకూ ఇవ్వండి. లీకుకు మూలం ఒకే పని అయితే, ఏ సర్వరులో మెట్లు కనిపిస్తాయో ఆ పని దానిలో ఉన్నట్టు. ఆ 32ను 16, 16 చెయ్యండి. తరవాత 8, 4, 2, 1. ఆరు సార్లలో దొరికిపోతుంది. అంకెలు ఎంత పెద్దవయితే ఈ పద్ధతి అంత లాభం.

నాలుగో మెట్టు: పట్టీల తీసివేత. ఇవాళ రాత్రి సర్వరులో ఏ ఏ వస్తువులు ఎన్నెన్ని ఉన్నాయో పట్టీ రాయించాలి. రేపు రాత్రి అదే వేళకు మరో పట్టీ రాయించాలి. రెండోదాంట్లోంచి మొదటిది తీసివెయ్యాలి. మారనివి పోయి, పెరిగినవి మటుకు మిగులుతాయి. ఆ పెరిగినవాటిని ప్రోగ్రాములో ఏ వరస అడిగి తీసుకున్నదో చూడాలి. మన టెంట్ హౌసులో, తిరిగి రాని కుర్చీల చీటీలు ఎవరి చేతిరాతలో ఉన్నాయో చూసినట్టు.

ఐదో మెట్టు అన్నిటికన్న కష్టం. ఆ వరస దొరికింది. చూడబోతే అక్కడ మాలక్ ఉంది, దానికి ఫ్రీ కూడా ఉంది! మరి లీకు ఎక్కడిది? ఇక్కడే చాలామంది తికమకపడతారు. పని సవ్యంగా జరిగినప్పుడు మెమరీ తిరిగి ఇస్తున్నది. పని మధ్యలో చెడినప్పుడు మటుకు, ఫ్రీ అన్న మాట దాకా రాకుండానే ప్రోగ్రాము వేరే దారిన బయటపడిపోతున్నది. పెళ్ళి సజావుగా జరిగితే కుర్చీలు వస్తాయి. వానకు పందిరి కూలి అందరూ తలో దిక్కూ పరిగెత్తితే కుర్చీల మాట ఎవరికీ గుర్తుండదు.

ఆఖరి మెట్టు: సరిదిద్దాక మళ్ళీ నడిపి చూడాలి. గంటో రెండు గంటలో కాదు. మొదట కూలటానికి అయిదు రోజులు పట్టి ఉంటే, అయిదు రోజులకు పైగా నడిపి, గ్రాఫు మట్టంగా ఉన్నదని చూసిన తరవాతే బాగయిందనాలి.

తప్పుడు చిరునామా

పని చెడినప్పుడు మటుకే కారే లీకుకు ఒక ఉదాహరణ చెబుతాను. 2012 అక్టోబరు 22న అమెరికాలో వర్జీనియా రాష్ట్రం ఉత్తర భాగంలో ఉన్న అమెజాన్ వారి కంప్యూటర్ల కేంద్రంలో ఇల్లాగే జరిగింది. అక్కడి నిలవ సర్వర్లన్నీ తమ ఆరోగ్యం ఎల్లా ఉన్నదో ఎప్పటికప్పుడు మరి కొన్ని సర్వర్లకు కబురు పంపుతూ ఉండేవి. కబురందుకునే సర్వర్లలో ఒకటి చెడిపోయింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. కొత్తదాని చిరునామాను అందరికీ తెలియపరిచే ఏర్పాటు కూడా చేశారు. కాని ఆ చిరునామా కొన్నిటికి చేరలేదు. ఆ కొన్నీ పాత చిరునామాకే కబుర్లు పంపుతూ వచ్చాయి. అక్కడ అందుకునేవారు లేరు.

కబురు అందకపోతే పెద్ద నష్టమేమీ లేదు. అది అంత అవసరమైన కబురు కాదు. అంచేత ఏ గంటా మోగలేదు. కాని కబురు పంపే చిన్న ప్రోగ్రాములో ఎప్పటి నుంచో ఒక లీకు దాగి ఉన్నది. కబురు చేరినంత కాలం అది బయటపడలేదు. చేరకపోయేసరికి, ఆ ప్రోగ్రాము మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ, కొంచెం కొంచెంగా మెమరీ తినెయ్యసాగింది. చివరకు ఆ సర్వర్లు అసలు పని చెయ్యలేని స్థితికి వచ్చాయి. వాటి మీద ఆధారపడ్డ రెడ్డిట్ వంటి ప్రసిద్ధమైన సంస్థలకు ఆ రోజు అంతరాయం కలిగింది. ఇంతకూ మూలమేది? అంత ముఖ్యం కాని ఒక కబురు!

సాయపడే పనిముట్లు

మనిషి మరిచిపోతాడు గనక, యంత్రమే ఈ లెక్క చూసుకుంటే బాగుండునని ఆలోచించినవాడు జాన్ మెకార్తీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు. లిస్ప్ అనే భాషను తయారుచేసి, 1960లో ప్రచురించిన వ్యాసంలో ఈ పద్ధతి కూడా వివరించాడు. దీన్ని చెత్త ఏరటం అంటారు. టెంట్ హౌసు యజమాని అప్పుడప్పుడు చెల్లుబాటులో ఉన్న చీటీలన్నీ పట్టుకుని బయలుదేరి, చీటీలో ఉన్న కుర్చీలకు సుద్దతో గుర్తు పెడతాడు. గుర్తు లేని కుర్చీ ఎక్కడ కనపడ్డా బండిలో వేసుకుని వస్తాడు. జావా, పైథాన్ వంటి ఈనాటి భాషల్లో కూడా ఇల్లాంటి ఏర్పాట్లున్నాయి.

ఈ మెకార్తీగారి దగ్గర చదువుకుని 1966లో డాక్టరేటు పొందినవాడు మన తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు. రాజ్ రెడ్డిగా ప్రసిద్ధుడై 1994లో, కంప్యూటరు శాస్త్రంలో అన్నిటికన్న గొప్పదైన ట్యూరింగ్ బహుమతిని మరొకరితో కలిసి అందుకున్నాడు.

చెత్త ఏరే యంత్రం ఉంటే ఇక లీకులే ఉండవనుకునేరు! పని అయిపోయినా చీటీ చింపకుండా దాచుకుంటే, ఆ కుర్చీలకు సుద్ద గుర్తు పడుతూనే ఉంటుంది. యజమాని వాటిని ముట్టుకోడు. ఆ చీటీ ఇక పనికిరాదని మనిషికి తెలుస్తుంది గాని, యంత్రానికి తెలియదు.

అందుకని లీకులను వెతికిపెట్టే ప్రోగ్రాములు పుట్టాయి. రీడ్ హేస్టింగ్స్ అనే ఆయన 1991లో స్థాపించిన సంస్థ ప్యూరిఫై అనే అటువంటి పనిముట్టు తయారుచేసింది. ఈయనే 1997లో మరొకరితో కలిసి నెట్‌ఫ్లిక్స్ స్థాపించాడు! 2002లో జూలియన్ సీవార్డ్ వాల్‌గ్రిండ్ అనే పనిముట్టును అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఇది ప్రోగ్రాము పక్కనే కూచుని, ప్రతి మాలక్‌నూ ప్రతి ఫ్రీనీ రాసుకుని, చివరకు "ఫలానా వరసలో తీసుకున్నది తిరిగి రాలేదు" అని చెబుతుంది. అయితే దీనితో నడిపితే ప్రోగ్రాము ఎన్నో రెట్లు మెల్లగా నడుస్తుంది. అంచేత జనం వాడుకునే సర్వరు మీద దీన్ని పెట్టరు. పక్కన మరో చోట, అదే పని అనుకరించి నడిపి చూస్తారు. ఎంత గొప్ప పనిముట్టున్నా, ఏ పని నడిపి చూడాలో మనిషే ఆలోచించాలి.

మీకు ఒక లెక్క

ఇక మీరు పరిశోధకులు కండి. 1,000 కుర్చీలున్న ఒక టెంట్ హౌసులో రోజూ రాత్రి లెక్క ఇది. ప్రతి రాత్రీ తిరిగి రావలసినవన్నీ వచ్చాక లెక్కపెట్టారు.

ఆదివారం: పెళ్ళిళ్ళు 5. వాటిలో మధ్యలో ఆగిపోయినవి 1. అప్పటికి మొత్తం తక్కువైన కుర్చీలు 6.
సోమవారం: పెళ్ళిళ్ళు 2, ఆగినవి లేవు. మొత్తం తక్కువ 6.
మంగళవారం: పెళ్ళిళ్ళు 3, ఆగినవి 2. మొత్తం తక్కువ 18.
బుధవారం: పెళ్ళిళ్ళు 9, ఆగినవి లేవు. మొత్తం తక్కువ 18.
గురువారం: పెళ్ళిళ్ళు 4, ఆగినవి 1. మొత్తం తక్కువ 24.
శుక్రవారం: పెళ్ళిళ్ళు 8, ఆగినవి లేవు. మొత్తం తక్కువ 24.
శనివారం: పెళ్ళిళ్ళు 7, ఆగినవి 3. మొత్తం తక్కువ 42.

1. కుర్చీలు తగ్గటానికీ పెళ్ళిళ్ళ సంఖ్యకూ సంబంధం ఉందా? ఏ రెండు రోజులను పోల్చి చూస్తే ఆ సంగతి తేలుతుంది?

2. తగ్గటానికి కారణం ఏమిటి? ఒక్కొక్కసారికి ఎన్ని కుర్చీలు పోతున్నాయి?

3. ప్రతి వారమూ ఇల్లాగే జరిగితే, ఎన్నో వారంలో కొట్టు ఖాళీ అవుతుంది?

4. బుధవారం ఒక్కరోజు మటుకు వచ్చి చూసి వెళ్ళిన తనిఖీదారు ఏమని రాస్తాడు? అతను రాసినదాన్ని నమ్మవచ్చా?

నాలుగో ప్రశ్న అన్నిటికన్న ముఖ్యం. జవాబులు ఈ నెలాఖరులోగా పత్రిక చిరునామాకు పంపండి. జవాబు రాస్తే చాలదు, దాన్ని ఎల్లా తెలుసుకున్నారో కూడా రాయాలి. సరి అయిన జవాబులు వచ్చే నెల చూద్దాం.